కలపని పెట్రోలు

మీలో చాలామంది శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే ఉంటారు. చెరువు రాగానే బస్సు కిటికీలోంచి ఒకసారి చూసి, మళ్ళీ ఫోనులో తలదూర్చి ఉంటారు. ఇన్నాళ్ళూ నేనూ అంతే. యాప్రాల్‌లో నాకు కళ్ళజోళ్ళ దుకాణం, కౌకూర్‌లో ఇల్లు. కాశీ రామేశ్వరాలు వెళ్ళొచ్చినవాళ్ళు యాత్రలు రాసుకుంటారు. ఇంటి నుంచి బయల్దేరితే టీ చల్లారేలోపు చేరే ఊళ్ళకు వెళ్ళొచ్చి రాస్తున్నవాణ్ణి నేనే అయ్యుంటాను. చూసిన వింతలు చెప్పాలని కాదు. అక్కడ నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోతోంది, అందుకు రాస్తున్నాను.

వెళ్ళింది ఒక బండి కోసం. పాతకాలపు టూ-స్ట్రోక్ ఇంజను, గడ్డలు గడ్డలుగా ఉండే టైర్లు, పైకెత్తి కట్టిన సైలెన్సరు, బురదలో పడి లేచే మట్టి బండి. అలాంటిది కొనడం కాదు, పాత సామాను కొంత, కొత్త సామాను కొంత ఏరుకొచ్చి నా చేతులతో నేనే కట్టాలన్నది నలభై ఎనిమిదో ఏట నాకు పట్టిన పిచ్చి. దసరా పూజకల్లా వాకిట్లో నిలబెడతానని మా ఆవిడతో అన్నాను. "మిక్సీ విప్పి ఆర్నెల్లయింది, ముందు దాన్ని నిలబెట్టండి" అంది.

ఆ పాత బండి పేరు ఇక్కడ రాయను. పేరు చదివి మీరూ వెతకడం మొదలుపెడితే సామాను ధర పెరుగుతుంది.

మేడ్చల్: కందిరీగల ఇల్లు

మొదటి మజిలీ మేడ్చల్‌లో పాత ఇనుప సామాను కొట్టు. యజమాని యాదగిరి ఒక విరిగిన బస్సు సీటు మీద కూర్చుని సర్వపిండి తింటున్నాడు. అడక్కుండానే ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టాడు. మా బాపట్ల వైపు కొట్టుకెళితే ముందు బేరం, మాట కుదిరితే మంచినీళ్ళు. ఇక్కడ ముందు తిండి పెట్టి, ఆ తర్వాత నిదానంగా మెడ కోస్తారు.

బండి చట్రాన్ని కాటా మీద తూచాడు. తూకం ధర చెప్పి, దాని మీద ఇంకొంత వేశాడు.

"ఇదేమిటండీ?" అన్నాను.

"గది తుక్కు రేటు. గిది మీ మొఖం రేటు" అన్నాడు. "గా చట్రాన్ని చూసి మీ మొఖం ఎట్ల ఎలిగిందో నేను చూడలేదా సార్?"

నవ్వుతూ ఇచ్చేశాను. చట్రాన్ని భుజానికెత్తుకోగానే దాని మెడ గొట్టంలో కాపురముంటున్న కందిరీగ బయటికొచ్చి నా ఎడమ కనురెప్ప మీద కుట్టింది. యాదగిరి పరుగున వెళ్ళి సున్నం తెచ్చి రాశాడు. అయినా కళ్ళజోళ్ళు అమ్మేవాడి కన్ను ఒకటి సాయంత్రానికి పూర్తిగా మూసుకుపోయింది.

ఆ బాధలోనూ నా నోరు ఊరుకోలేదు. టూ-స్ట్రోక్ ఇంజను గొప్పతనం గురించి యాదగిరికి పాఠం చెప్పాను. "ఇప్పటి బళ్ళకు ఆయిలు వేరు, పెట్రోలు వేరు. దీనికి అలా కాదు. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పొయ్యాలి. ఆ కలిపిన ఆయిలే లోపల పిస్టనుకు తడి. అది లేకపోతే పిస్టను వేడెక్కి గోడకు అతుక్కుపోతుంది. ఇంజను పట్టేస్తుంది. ఈ కాలం కుర్రాళ్ళకు ఇవేం తెలుసు?"

యాదగిరి ఓపిగ్గా విన్నాడు. చివర్లో, "గీ ఇంజన్ బండే మా దోస్తు శామీర్‌పేటల ఇంక నడుపుతాండు. నర్సింహులు అని, చేపలు పడ్తడు. ఆళ్ళింట్ల ఒక కార్బొరేటర్ ఊకెనే పడున్నది. నా పేరు చెప్పుండ్రి" అన్నాడు.

జీడిమెట్ల: నునుపు

మర్నాడు ఒంటికన్నుతో జీడిమెట్ల. ఫ్యాక్టరీల మధ్య గాలి పీల్చితే నాలుక మీద మాత్ర పెట్టుకున్నట్టు చేదు. ఒక చిన్న లేతు షాపులో నేను ముందే సంపాదించి పెట్టుకున్న పాత సిలిండరు లోపలి గోడను చెక్కించి, దానికి సరిపడే కొత్త పిస్టను, రింగులు వేయించాను. పని అయ్యేవరకూ పక్క బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్పై రూపాయలు. పల్లీ చట్నీలో చింతపండు తగిలింది. మా వైపు ఆ పులుపు ఉండదు, కాని రెండో ప్లేటు చెప్పాను.

లేతు ఆయన సిలిండరు చేతికిచ్చి వేలు పెట్టి చూడమన్నాడు. లోపల అంత నునుపుగా ఉంటుందని అనుకోలేదు. టవల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్ళాక కూడా రెండుసార్లు విప్పి చూసుకున్నాను. మా ఆవిడకూ చూపించాను. "బాగుంది, దేంట్లో వండాలి?" అంది.

శామీర్‌పేట: వలల కింద

మూడోరోజు పొద్దున్నే స్కూటీ మీద శామీర్‌పేట చేరాను. సిలిండరు సంచి వెంటే తీసుకెళ్ళాను. నర్సింహులు బండి ఇంజనుతో కొలతలు సరిచూసుకోవడానికని పైకి చెప్పే కారణం. అతనికి చూపించి మెప్పు పొందాలన్నది లోపలి కారణం.

చెరువుకు దగ్గర్లోనే వాళ్ళ ఇల్లు. వసారా నిండా ఆరేసిన వలలు, వాటి కిందినుంచి వంగి వెళ్ళాలి. నర్సింహులుకు నా వయసే ఉంటుంది. భార్య సత్తెమ్మ గడపలో కూర్చుని వల చిరుగులు కుడుతోంది. అతను చేపలు పడతాడు, ఇద్దరూ కలిసి సాయంత్రం మేడ్చల్ తీసుకెళ్ళి అమ్ముతారు. తీసుకెళ్ళేది ఆ బండే. వెనక చేపల డబ్బాకు ఇనుప చట్రం, ముందు టాంకు మీద పసుపు బొట్టు. నేను వెతుకుతున్న ఇంజను నా కళ్ళముందు, కాదు, నా కంటిముందు ఉంది.

"కార్బొరేటర్‌దేమున్నది సార్, తీస్కపోండ్రి. ముందుగాల్ల బండి చప్పుడు ఇనుండ్రి" అన్నాడు నర్సింహులు. ఒక్క కిక్కుకు అందుకుంది. ఆ చప్పుడుకు నా వయసు సగం రాలిపోయింది.

నా ముఖం మళ్ళీ వెలిగినట్టుంది. తాళంచెవి చేతిలో పెట్టాడు. "ఒక చక్కర్ కొట్టి రాండ్రి. మల్ల పొద్దుమీకి నాకు మేడ్చల్ పోయేదున్నది."

"ఆయిల్ నేను పొద్దుగాల్నే కలిపిన సార్, ఫికర్ లేదు" అంది సత్తెమ్మ. ఆ ఇంట్లో పెట్రోల్లో ఆయిలు కలిపే పని ఆమెది. గూట్లో ఆయిలు సీసా, పక్కనే కొలతకు వాడే దగ్గుమందు మూత కనిపించాయి.

బంకు దగ్గర ఒక మాట

రోడ్డెక్కగానే చూస్తే టాంకులో పెట్రోలు అడుగంటుతోంది. ఇంటి పక్కవాళ్ళు గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ నేర్పింది. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. పరాయివాడు నమ్మి బండి ఇస్తే ఖాళీ టాంకుతో ఎలా ఇస్తాను? చెప్పకుండా నింపి పెడదాం, తర్వాత చూసుకుని సంతోషిస్తారు అనుకున్నాను. నా మంచితనానికి నేనే మురిసిపోతూ బంకులోకి తిప్పాను.

పెట్రోలు కొట్టే అమ్మాయి, "ఎంత సార్?" అంది.

మా చిన్నప్పుడు బాపట్లలో బంకువాళ్ళే ఆయిలు కలిపి పోసేవారు. 'కలిపింది కొట్టు' అంటే చాలు. ఆ మాటే నోటికొచ్చింది. "ఫుల్ చెయ్యమ్మా. కలిపిందేనా?"

"ఇప్పుడంత కలిపిందే సార్. కలపంది యాడ దొరుకుతాంది?"

నాకు ఎంత ఆనందమో చెప్పలేను. నగరమంతా మరిచిపోయిన మర్యాద శామీర్‌పేటలో బతికే ఉందనుకున్నాను. ఆ అమ్మాయికి కూడా టూ-స్ట్రోక్ పాఠం మొదలుపెట్టాను. ఆమె తల ఊపుతూ టాంకు నింపి, మూత పెట్టి, వెనకున్న కారు వైపు తిరిగింది.

తుర్కపల్లి దారి

తుర్కపల్లి దాకా గాలిలో వెళ్ళాను. టాంకు అడుగున మిగిలిన సత్తెమ్మ మిశ్రమం ఇంజనును అంతవరకూ కాపాడింది. తిరుగు దారిలో చప్పుడు మారింది. సన్నగా, గొంతు ఎండిన మనిషి దగ్గులా వచ్చింది. చేయి తగ్గించేలోపే వెనక చక్రం బిగుసుకుని, బండి రోడ్డు మీద గీత గీసుకుంటూ ఆగింది. కిక్కు మీద నిలబడ్డా కిందికి దిగలేదు.

టాంకు మూత తీశాను. ఆయిలు కలిస్తే పెట్రోల్లో నీలపు జాడ ఉంటుంది. ఇందులో లేదు. నిండు టాంకు, తేటగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, బంకు గోడ మీద బోర్డు. ఇథనాల్ కలిపిన పెట్రోలు అని. ఆ అమ్మాయి చెప్పిన కలిపింది అది. అడగాల్సిన మాట అడగనిది నేను, ఆమె నిజమే చెప్పింది. బోర్డు పట్టించుకోని తప్పును ఉబ్బిన కన్ను మీదికి నెట్టేద్దామనుకున్నాను గాని రెండో కన్ను బాగానే పనిచేస్తోంది.

ఇంకో పని కూడా చేశాను, అది రాయడం ఇంకా కష్టం. మూత మళ్ళీ గట్టిగా బిగించాను. ఒక గూడ్స్ ఆటో అతన్ని బతిమాలి బండి ఎక్కించుకుని వస్తూ, దారి పొడుగునా మనసులో ఒక వాక్యం తయారుచేసుకున్నాను. పాత బండి కదా, ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే అని.

ఉప్పు

ఆ వాక్యం చెప్పే అవసరం కూడా రాలేదు. నర్సింహులు కిక్కు తొక్కి చూశాడు. "పట్టేసింది" అన్నాడు. తర్వాత సత్తెమ్మ వైపు తిరిగాడు.

"పొద్దున ఆయిల్ పోసినవా?"

"పోసిన."

"పోస్తే ఎందుకు పట్టేస్తది?"

ఆమె గూట్లోంచి సీసా తెచ్చింది. "నిన్న మాపుకు ఇప్పిన సీస. గింత తగ్గింది. పోయకుంటె ఎట్ల తగ్గె?"

"ఒలకవోసినవేమో."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. టాంకు మూత తీస్తే అంతా తేలిపోతుంది. అతను తీయలేదు. దారిలో నేను టాంకు నింపానని అతనికేం తెలుసు? నిజం చెప్పాలంటే, తీయకూడదనే కోరుకున్నాను.

"మిమ్ముల గుడ పరేషాన్ జేసినం సార్" అన్నాడు నాతో. "నడిరోడ్ల ఎండల నిలవెట్టింది. కూసోండ్రి, అన్నం తిని పోదురు."

తినకుండా వెళ్ళిపోవచ్చు. కూర్చున్నాను. సత్తెమ్మ రవ్వ చేప కూర వడ్డించింది. మా వైపు పులుసు పల్చగా, కారం పైకి తేలుతూ ఉంటుంది. ఇక్కడ నువ్వులు వేయించి నూరి వేస్తారు, చిక్కగా ముక్కకు అంటుకుని ఉంటుంది. మొదటి ముద్దకే తెలిసింది, కూరలో ఉప్పు లేదు. ఆమె చేతులు కూర మీద ఉంటే మనసు ఆ సీసా మీద ఉంది మరి.

నర్సింహులు కూడా ఒక ముద్ద తిని ఆగాడు. "ఉప్పే మర్చినవ్. గిట్లనే ఆయిల్ గుడ మర్చినవ్. ఇగ సూడు." కోపంగా కూడా అనలేదు, లెక్క తేలినవాడిలా అన్నాడు. "రేపటి సంది నేనే కలుపుకుంట. నువ్వు ముట్టకు."

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. కుడిచేతి వేళ్ళు చూసుకుంది. "పోసిననే అనుకుంటాన" అంది మెల్లగా. "పోసిననో, పోసిన అనుకున్ననో. ఇప్పుడు నాకే సమజైతలేదు."

"కూర బాగుందమ్మా, ఉప్పు సరిపోయింది" అన్నాను నేను. చెప్పాల్సింది ఒకటుంటే నా నోట్లోంచి వచ్చింది అది. ఆమె నా వైపు చూసిన చూపులో కృతజ్ఞత ఉంది. అదే నన్ను చంపింది. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఆయిలు మీరు పోశారు" అన్నాను. "పాడుచేసింది నేను. బంకులో టాంకు నింపాను, ఆయిలు లేకుండా. దారిలోనే నాకు తెలిసింది. ఇంతసేపూ చెప్పలేదు."

నర్సింహులు ఎంగిలి చేత్తోనే లేచి బయటికి వెళ్ళాడు. మూత తిరిగిన చప్పుడు వినిపించింది. లోపలికొచ్చి కూర్చుని, "నిండుగున్నది" అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

 సత్తెమ్మ నా కంచం వైపు చూసి అంది. అంతవరకూ నేను ఆమెకు సార్‌ని.

"నీ తప్పేం లేదన్నా. మా ఇంట్ల ఉప్పు తినకపోతివి. తింటె ముందే చెప్పేటోనివి."

చెప్పుతో కొట్టినా ఇంత తగలదు. నర్సింహులు చేయి చాచి ఉప్పు డబ్బా అందుకున్నాడు. తన కంచంలో వేసుకోలేదు. పొయ్యి దగ్గర ఆమె కోసం మూతపెట్టి ఉంచిన కంచం ఉంది, దాని మూత తీసి అందులో చిటికెడు వేశాడు. "రా, తిను" అన్నాడు. ఆమె వెంటనే రాలేదు. రావాలని కూడా నాకు అనిపించలేదు.

సంచిలోంచి టవలు విప్పి సిలిండరు, పిస్టను వాళ్ళముందు పెట్టాను. ఒకే ఇంజను, ఒకే కొలత. "ఇది బిగించండి."

నర్సింహులు వేలు పెట్టి చూశాడు. "గిది మీ బండిది గద సార్. ఇంత కొత్తగున్నది."

"తీస్కో" అంది సత్తెమ్మ. "సిగ్గుపడి ఇస్తాండు, సంబురంగ గాదు. అయినా తీస్కో."

అది కూడా నిజమే. నా కళ్ళు సిలిండరు మీదే ఉన్నాయని ఆమె చూసేసింది.

మేడ్చల్, రెండోసారి

మెకానిక్ మర్నాడు గాని రానన్నాడు. చేపలు మర్నాటిదాకా ఆగవు. కాబట్టి ఆ సాయంత్రం చేపల డబ్బా నా స్కూటీ ముందు, సత్తెమ్మ వెనక. డబ్బాలోంచి చేపల నీళ్ళు స్కూటీ అంతా కారుతుంటే, రేపు దీని మీద దుకాణానికి ఎలా వెళ్ళాలా అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

మార్కెట్లో ఆమె నేల మీద గోనె పరిచి కూర్చుంది. నేను ఆమె వెనక నిలబడి తీసిన పొలుసు మీద ఈగలు తోలాను. వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు, నర్సింహులేడి, బండేది, ఈయనెవరు అని. నేను ప్రతిసారీ తల దించుకున్నాను. యాదగిరి కూడా వచ్చాడు. చేపలు కొని, నన్ను చూసి, "సార్ ఈడెందుకున్నడు?" అన్నాడు. నా పాఠం అతనికి గుర్తుండే ఉంటుంది.

"మా బండికి కడుపుల బాగలేదు" అంది సత్తెమ్మ కత్తి ఆపకుండా. "అన్న ఆసరయిండు."

అంతే. సాయంత్రమంతా అదే మాట. మధ్యాహ్నం తను చెయ్యని తప్పుకు నా ముందు నిలబడ్డ మనిషి, నేను చేసిన తప్పును ఊరి ముందు కప్పింది. ఆ మాట విన్న ప్రతిసారీ, నిజం చెప్పేయవమ్మా అందామనుకున్నాను. అనలేదు. ఆమె కప్పిందే కప్పుకుని నిలబడ్డాను.

మళ్ళీ కౌకూర్

మర్నాడు నేను మళ్ళీ శామీర్‌పేట వెళ్ళాను, మెకానిక్ వచ్చి నా సిలిండరు వాళ్ళ బండికి బిగించాడు. పట్టుకుపోయిన పాత పిస్టను ఊడదీస్తే ఒళ్ళంతా గీతలు. టాంకులోంచి డబ్బాలోకి దింపిన పెట్రోల్లో సత్తెమ్మ ఆయిలు కలిపింది. ఈసారి దగ్గుమందు మూతతో పోస్తూ మొగుడికి వినపడేలా పైకి లెక్కపెట్టింది. అతను ముట్టకు అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఒక్క కిక్కుకు బండి అందుకుంది. ఆ చప్పుడు నిన్నటికంటే బాగుంది. కొత్త ఇంజను కాబట్టి కొన్నాళ్ళు మెల్లగా తోలమని చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

కార్బొరేటరు కూడా ఇచ్చారు. వద్దన్నా వినలేదు. దానితోపాటు ఒక స్టీలు డబ్బాలో చేపల కూర, ఇంటికని.

"డబ్బ తెచ్చిచ్చేటప్పుడు ఖాళీగ తేకన్నా" అంది సత్తెమ్మ వల కుడుతూ. "గట్లని పెట్రోల్ నింపకు."

నర్సింహులు నవ్వాడు. నేనూ నవ్వాను, మిగతావాళ్ళు ఆపాక కూడా కాసేపు.

ఇప్పుడు మా పెరట్లో చట్రం ఉంది, కార్బొరేటరు ఉంది, గడ్డల టైర్లు ఉన్నాయి. నడుమ ఇంజను ఉండాల్సిన చోట ఖాళీ. మా ఆవిడ అందులోంచి పొట్లకాయ తీగ పాకించింది. దసరాకు దానికే బొట్టు పెడదాం అంటోంది.

ఆ రోజు ఇంటికి రాగానే డబ్బా విప్పింది. జరిగిందంతా చెబుతున్నాను, ఆమె వింటూ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"ఉప్పు కషాయం. ఎలా తింటారండీ దీన్ని?"

డబ్బా నా ముందుకు లాక్కున్నాను. అడుగుదాకా తిన్నాను.